ధర చీటీ లేని అంగడి: 1851 లండన్ మహాప్రదర్శనపై ఆలస్యంగా ఒక సమీక్ష

1851 మే 1న లండన్‌లోని హైడ్ పార్కులో విక్టోరియా రాణి ప్రారంభించిన మహాప్రదర్శన గురించి రాసేవారు సాధారణంగా దానిని యంత్రయుగానికి జరిగిన పట్టాభిషేకంగానో, సామ్రాజ్య గర్వానికి ఎత్తిన పతాకగానో వర్ణించి ఊరుకుంటారు. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు గాని, టికెట్టు కొనుక్కుని లోపలికి అడుగుపెట్టిన మనిషికి అక్కడ ఏం దక్కింది, ఎంతకు దక్కింది, దాహం వేస్తే ఏం తాగాడు, అవసరం పడితే ఎక్కడికి వెళ్లాడు అన్న ప్రశ్నలు ఆ వర్ణనల చాటున మరుగునపడిపోతాయి. ఒక హోటలును గానీ దుకాణాన్ని గానీ ఏ కొలతలతో తూస్తామో, ఆ కొలతలతోనే ఈ ప్రదర్శననూ తూచవచ్చును. అందుకు కావలసిన లెక్కలను నిర్వాహకులే పూసగుచ్చినట్టు రాసి పెట్టారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రదర్శించిన సరుకులో తాలు చాలా ఉంది. ఏర్పాట్లు మాత్రం అంతకుముందు ఎక్కడా ఎరగనంత శ్రద్ధగా ఉన్నాయి. అక్కడ నిజంగా అమ్ముడుపోయినది ఆ వస్తువులేవీ కావు, వాటిని చూసే అవకాశమే.

ఆ మాటకు ఆధారం అక్కడి ఒక వింత నియమంలో ఉంది. సుమారు 14,000 మంది ప్రదర్శకులు లక్షకు పైగా వస్తువులను తెచ్చి పరిచిన ఆ భవనంలో ఏ వస్తువు మీదా ధర రాసి పెట్టకూడదని నిర్వాహక సంఘం కట్టడి చేసింది. ప్రదర్శన సంతగా మారిపోతుందన్న భయం దీని వెనుక ఉంది. దాని ఫలితం మాత్రం నిర్వాహకులు ఊహించినంత చిన్నది కాదు. కొనగలిగినవాడూ, జన్మలో కొనలేనివాడూ ఒకే పట్టుబట్ట ముందు ఒకే హోదాలో నిలబడి, ఒకే తీరుగా తల ఆడించగలిగారు. బేరమాడవలసిన పని లేకుండా, అమ్మేవాడి మొహమాటం లేకుండా, గంటల తరబడి సరుకును చూస్తూ తిరగడం మామూలు జనానికి అలవాటు చేసిన మొదటి పెద్ద చోటు ఇదే అనిపిస్తుంది; ఆ తరువాతి దశాబ్దాలలో పారిస్‌లోనూ లండన్‌లోనూ లేచిన బహుళ అంతస్తుల దుకాణాలు ఆ అలవాటు మీదనే వ్యాపారం కట్టుకున్నాయి. అయితే ఈ నియమం వల్ల అన్యాయమైపోయిన వారూ ఉన్నారు. తక్కువ ఖర్చుతో మన్నికైన సరుకు చేయడమే తన గొప్పతనమైన తయారీదారుకు, ఆ గొప్పతనాన్ని చెప్పుకునే ఒక్క దారీ మూసుకుపోయింది. చూసేవారి కళ్లు సహజంగానే నగిషీలు ఎక్కువ ఉన్నవాటి వైపే పోయాయి. 1855లో పారిస్ తన ప్రదర్శనను జరిపినప్పుడు ధరలు చూపనివ్వడం ఈ లోపాన్ని గుర్తించినందువల్లనే కావచ్చు.

వస్తువుల ధరలు దాచినా, ప్రవేశ రుసుము విషయంలో మాత్రం నిర్వాహకులు ఎంతో ఆలోచించారు. మొత్తం కాలానికి చెల్లే టికెట్టు మగవారికి 3 గినీలు, ఆడవారికి 2 గినీలు (గినీ అంటే 21 షిల్లింగులు, పౌండు అంటే 20 షిల్లింగులు). ప్రారంభోత్సవం తరువాత రెండు రోజులు ఒక్కో పౌండు, ఆపైన మూడు వారాల పాటు 5 షిల్లింగులు వసూలు చేసి, మే 26 నుంచి సోమవారం మొదలు గురువారం వరకు ఒక్క షిల్లింగుకే తలుపులు తెరిచారు. శుక్రవారం రెండున్నర షిల్లింగులు, శనివారం 5 షిల్లింగులు, ఆదివారం సెలవు. జనంతో రాసుకుపూసుకు తిరగడం ఇష్టంలేని సంపన్నులు ఎక్కువ ఇచ్చి శనివారం వెళ్లారు, కూలివాడు తన షిల్లింగుతో సోమవారం వెళ్లాడు, ఖజానా రెండు వైపుల నుంచీ నిండింది. షిల్లింగు రోజులు మొదలయ్యేముందు లండన్ పెద్దమనుషులలో గుబులు తక్కువేమీ కాదు. ఐరోపా అంతటా 1848 విప్లవాల జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంది. పేదజనం గుంపులుగా రాజధానిలోకి వస్తే ఏమవుతుందోనని సైన్యాన్ని సైతం సిద్ధంగా ఉంచారు. వచ్చిన జనం బొమ్మలు చూసి, బన్నులు తిని, ఎంతో క్రమశిక్షణతో రైలెక్కి తిరిగి వెళ్లిపోయారు. యాత్రలు ఏర్పాటు చేసే వ్యాపారి థామస్ కుక్ ఒక్కడే మధ్య ఇంగ్లాండు పట్టణాల నుంచి లక్షన్నర మందికి పైగా ప్రత్యేక రైళ్లలో తీసుకొచ్చాడని చెబుతారు. విహారయాత్రల వ్యాపారం ఒక పరిశ్రమగా నిలదొక్కుకోవడంలో ఆ వేసవికి పెద్ద వాటాయే ఉంది. మొత్తం 60,39,195 ప్రవేశాలు నమోదయ్యాయి. అక్టోబరు 7న ఒక్కరోజే 1,09,915 మంది వచ్చారు. ఇవి ప్రవేశాల లెక్కలే తప్ప మనుషుల లెక్కలు కావని గుర్తుంచుకోవాలి. రాణిగారే లెక్కకు మించినన్ని సార్లు వెళ్లారు.

భవనం గురించి ఎంత చెప్పినా తక్కువే అంటారు గాని, నేను కొంత తక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ ప్రదర్శనలో అందరూ ఒప్పుకున్న అంశం అదొక్కటే. పోటీకి వచ్చిన 245 నమూనాలనూ తోసిపుచ్చి, నిర్వాహక సంఘం తానే గీయించిన బరువైన ఇటుకల కట్టడం ఎవరికీ నచ్చక, కాలం మించిపోతున్న సమయంలో, చాట్స్‌వర్త్ ఎస్టేటులో తోటల పెద్దగా ఉన్న జోసెఫ్ పాక్స్‌టన్ ఒక రైల్వే సంఘ సమావేశంలో కూర్చుని అద్దుడు కాగితం మీద గీసిన గీతల నుంచి ఆ గాజు మేడ పుట్టింది. ఒకే కొలతతో పోతపోసిన ఇనుప స్తంభాలు, దూలాలు, సుమారు 3 లక్షల గాజు పలకలు బర్మింగ్‌హామ్ ప్రాంతపు కర్మాగారాల నుంచి వచ్చాయి; వాటిని చోటికి తెచ్చి బిగించడమే తప్ప అక్కడ కట్టడమంటూ పెద్దగా జరగలేదు. 1,848 అడుగుల పొడవు, 408 అడుగుల వెడల్పు గల ఆ మేడ కొన్ని నెలల్లోనే లేచి నిలబడింది. పార్కులోని ఎల్మ్ చెట్లను నరకడానికి వీల్లేదని పార్లమెంటులో గొడవ జరిగితే, చెట్ల చుట్టూ, వాటి పైనుంచి కప్పు వేసి లోపలే ఉంచేశారు. వినియోగదారుడి కోణంలో చూస్తే లోపాలూ ఉన్నాయి. వాన కురిస్తే కప్పు కారేది. ఎండ కాస్తే కాన్వాసు కప్పినా లోపల ఉడుకెత్తిపోయేది. భవనమంతటికీ దీపాల ఏర్పాటు లేదు కనుక పగలంతా పనిచేసే శ్రామికుడికి సాయంత్రం చూసే వీలు లేదు. పంచ్ అనే హాస్య పత్రిక వెటకారంగా తగిలించిన క్రిస్టల్ ప్యాలెస్ అన్న పేరు ఆ తరువాత నిజమైన పేరుగా స్థిరపడిపోయింది.

ఇక సరుకు విషయానికి వస్తే, ఎంపికలో పట్టు లేదన్నది నా ప్రధానమైన అభ్యంతరం. డెబ్బైకి పైగా అంచులున్న షెఫీల్డు చాకును, జలగలు సీసాలో పైకి పాకితే గంట మోగి తుపాను రాకను చెబుతుందన్న ఒక వైద్యుని పరికరాన్ని, ఆవిరి మరమగ్గాలను, జర్మనీకి చెందిన క్రుప్ సంస్థ పోతపోసిన రెండు టన్నుల ఉక్కు దిమ్మెను ఒకే కప్పు కింద ఒకే గౌరవంతో నిలబెట్టారు. జలగల యంత్రం మీద నాకు వ్యక్తిగతంగా అభిమానమే గాని, ఉక్కు దిమ్మె ముందు అది నిలిచేది కాదు. ఆ దిమ్మెలో భవిష్యత్తు ఫిరంగులు దాగి ఉన్నాయని అప్పుడు గ్రహించిన వారు ఎందరో తెలియదు గాని, క్రుప్ దానితోపాటు ఒక ఫిరంగిని కూడా పక్కనే పెట్టి తన మనసులోని మాటను దాచుకోలేదు. బ్రిటిష్ గృహోపకరణాల విభాగం మరీ నిరాశ కలిగించింది. కుర్చీ కాలికి ద్రాక్షగుత్తులు, దీపం సెమ్మెకు దేవదూతలు, తివాచీ మీద నడిస్తే కాలికి గుచ్చుకుంటాయేమో అన్నంత సహజంగా చిత్రించిన గులాబీలు. ప్రదర్శనతో ముడిపడిన రిచర్డ్ రెడ్‌గ్రేవ్, ఓవెన్ జోన్స్ వంటి రూపకల్పన నిపుణులే తమ దేశపు రూపకల్పన దారితప్పిందని బాహాటంగా రాశారు.

వస్తువులు అద్దాల వెనుక ఊరికే నిలబడిపోకుండా తమను తాము రుజువు చేసుకోవలసి వచ్చిన చోట మాత్రం ప్రదర్శన రక్తికట్టింది. అమెరికా విభాగం అడిగి తీసుకున్న స్థలాన్ని నింపలేక మొదట్లో నవ్వులపాలైంది. మెకార్మిక్ కోతయంత్రాన్ని చూసి పత్రికలు హేళన చేశాయి. జూలైలో వానలో తడిసిన పచ్చి గోధుమ చేలోకి దానిని దించి నడిపించినప్పుడు నవ్వులు ఆగిపోయాయి, అత్యున్నత పతకం దానికి దక్కింది. అంతకంటే ఆసక్తికరమైన కథ తాళాలది. న్యూయార్కు తాళాల సంస్థ తరఫున వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్, ఇంగ్లాండులో ఎవరూ తెరవలేరని పేరుపడ్డ చబ్ సంస్థ తాళాన్ని అరగంట లోపే తెరిచి చూపించాడు. పికడిల్లీ వీధిలో బ్రామా దుకాణపు అద్దంలో, తెరిచినవారికి 200 గినీల బహుమతి అని దశాబ్దాలుగా సవాలు చేస్తూ కూర్చున్న తాళాన్ని పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు శ్రమించి తెరిచాడు. ఇళ్లకూ బ్యాంకులకూ వేసుకున్న నమ్మకమే తలుపు ఊడినట్టు ఊడిపడింది. తయారీదారు చెప్పే గొప్పలను బయటివాడు బహిరంగంగా పరీక్షించి చూపడమన్నది ఈనాటి ప్రతి సమీక్షకుడూ హాబ్స్ నుంచి నేర్చుకోదగిన పద్ధతి.

భోజన సదుపాయాల గురించి ఆనాటి సందర్శకులు మెచ్చుకున్నది తక్కువ, గొణిగింది ఎక్కువ. ఆహార పానీయాల కాంట్రాక్టును ష్వెప్స్ సంస్థ 5,500 పౌండ్లకు దక్కించుకుంది. మద్యం అమ్మరాదని, అడిగినవారికి మంచినీళ్లు ఊరికే ఇవ్వాలని నిబంధనలు పెట్టారు. ఈ రెండూ తెలివైన నిబంధనలే, ముఖ్యంగా షిల్లింగు రోజులలో అంత జనం ఏ గొడవా లేకుండా గడిపిందంటే మద్యం లేకపోవడానికి అందులో పాత్ర ఉంది. సోడా, నిమ్మ పానీయాల సీసాలు 10 లక్షలకు పైగా, బాత్ బన్నులనే తీపి రొట్టెలు 9 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. అమ్మకానికీ నాణ్యతకూ సంబంధం లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. శాండ్‌విచ్చుల పలుచదనం మీద వ్యాఖ్యలు పత్రికల దాకా వెళ్లాయి. వేరే భోజనశాల లేని మేడలో రోజంతా తిరిగే మనిషి ఏది పెడితే అది తింటాడు.

మంచి భోజనం కావాలనుకున్నవారు రోడ్డు దాటి గోర్ హౌస్ అనే బంగళాకు వెళ్లవలసి వచ్చింది. లండన్‌లోని రిఫార్మ్ క్లబ్బు వంటశాలకు పేరు తెచ్చిన వంటవాడు, 1847లో ఐర్లండు కరవు బాధితుల కోసం డబ్లిన్‌లో గంజికేంద్రం నడిపినవాడు అయిన అలెక్సిస్ సోయర్ అక్కడ సకల దేశాల వంటకాలతో ఒక భోజనశాల తెరిచాడు. ఒక్కో గదికి ఒక్కో దేశపు అలంకారం, తోటలో పెద్ద భోజన మంటపం, రాత్రిపూట దీపాలు, సంగీతం. వేరువేరు దేశాల వంటలను ఒకే ప్రాంగణంలో తిప్పి చూపించి తినిపించాలన్న ఆలోచన ఆ తరువాతి ప్రతి ప్రపంచ ప్రదర్శనకూ మాతృక అయింది. సోయర్‌కు మాత్రం అక్టోబరులో తలుపులు మూసేనాటికి 7,000 పౌండ్ల నష్టం మిగిలింది. ఎదురుగా గాజు మేడలో చప్పటి బన్నులమ్మినవారు లాభపడ్డారు.

ఈ ప్రదర్శనలో నిస్సందేహంగా మొదటి మార్కులు ఇవ్వదగినది మరుగుదొడ్ల ఏర్పాటు. జార్జ్ జెన్నింగ్స్ అనే పారిశుధ్య పనుల నిపుణుడు నీటితో శుభ్రపడే దొడ్లను ఆడవారికీ మగవారికీ వేరుగా అమర్చి, ఒక పెన్నీకి (షిల్లింగులో పన్నెండో వంతు) శుభ్రమైన చోటు, తువ్వాలు, దువ్వెన ఇప్పించాడు. 8,27,280 మంది ఆ పెన్నీ చెల్లించారు. ఇంటి నుంచి బయటికి వచ్చిన ఆడవారు రోజంతా నగరంలో గడపాలంటే అడ్డుపడే అసలు సమస్య ఏమిటో, దానిని గురించి మర్యాదస్తులు నోరెత్తని కాలంలో, ఒక ప్రదర్శన గుర్తించి తీర్చడం చిన్న సంగతి కాదు. మరుసటి ఏడాది లండన్‌లోని ఫ్లీట్ వీధిలో ప్రజలకు మరుగుదొడ్లు తెరవడానికి ఈ అనుభవమే ధైర్యమిచ్చింది. అవి అప్పటికి నడవలేదు, జనానికి ఇంకా సిగ్గు తీరలేదు. యూరప్ నాగరికతకు ఈ ప్రదర్శన ఇచ్చిన కానుకల పట్టికలో పండితులు దీనిని అడుగున రాస్తారు గాని, నేనైతే కోతయంత్రం కంటే పైన రాస్తాను.

భారతీయ విభాగాన్ని ఈస్టిండియా కంపెనీ అమర్చింది. భవనం నడిబొడ్డున, అందరి కళ్లూ పడే చోట, మస్లిన్లు, జరీ పనులు, దంతపు చెక్కడాలు, ఆయుధాలు, మట్టి బొమ్మలు, ముడిసరుకులు బారులు తీర్చారు. వాటిలో వరంగల్ తివాచీకి కూడా చోటు దక్కింది. తిరువాన్కూరు మహారాజు రాణికి కానుకగా పంపిన దంతపు సింహాసనం అక్కడే ఉంది; ముగింపు రోజున రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ దాని మీదనే కూర్చున్నాడు. ముర్షిదాబాదు నవాబు పంపిన అంబారీని నిలబెట్టడానికి ఏనుగు కావలసి వస్తే, ఇంగ్లాండులోనే ఒక ఊరి మ్యూజియంలో గడ్డి కూరి ఉంచిన ఏనుగును వెతికి తెప్పించారు. సందర్శకులకు ఆ ఏనుగు ఎంత నచ్చిందో, రూపకల్పన ఎరిగినవారికి మన నేతపని అంతకంటే నచ్చింది. అలంకారం ఎక్కడ ఆపాలో, రంగు పక్కన ఏ రంగు పెట్టాలో ఈ పనివారికి తెలిసినట్టు తమవారికి తెలియదని ఓవెన్ జోన్స్ వాపోయాడు. కొత్తగా పెట్టబోయే మ్యూజియం కోసం ప్రభుత్వం 5,000 పౌండ్లు ఇస్తే, కొనుగోలు సంఘం బ్రిటిష్ తయారీదారుల సరుకు కంటే కంపెనీ విభాగంలోని వస్తువుల మీద ఎక్కువ ఖర్చు చేసింది.

ప్రశంస ఇక్కడ ఆపితే అది సమీక్ష అనిపించుకోదు. అంత మెచ్చుకున్న బట్టను నేసిన చేతుల పేరు అక్కడ ఎక్కడా లేదు. సింహాసనం రాజుగారిది, అంబారీ నవాబుగారిది, ప్రదర్శకుడు కంపెనీ. భారతీయ వస్త్రాల నుంచి కొద్ది దూరం నడిస్తే చాలు, యంత్రాల విభాగంలో ఓల్డ్‌హామ్ కర్మాగారాలవారు పత్తిని ఏకి, వడికి, నేసే మరలను జనం ముందు నడిపించి చూపుతున్నారు. ఆ మరల బట్టే అప్పటికి మన రేవుల్లో దిగి, మన సాలెల మగ్గాలను మూలకు నెడుతోంది. ఈ రెండు విభాగాలనూ కలిపి చదివే వాక్యం ఆ మేడలో ఎవరూ రాయలేదు. బయటి దేశపు పనితనాన్ని ఆదర్శంగా చూపి, ఆ పనితనపు జీవనోపాధిని అదే కప్పు కింద కూల్చివేసిన తీరును ఏ కానుకలతోనూ సరిపెట్టలేము.

కోహినూరు వజ్రం దగ్గర రద్దీ అన్నిటికంటే ఎక్కువ, అసంతృప్తి కూడా ఎక్కువే. కృష్ణాతీరపు కొల్లూరు గనుల్లో దొరికిందని వాడుకలో ఉన్న ఆ రాయిని, 1849లో పంజాబును కలుపుకున్నప్పుడు బాలుడైన మహారాజా దులీప్ సింగ్ చేత రాయించుకుని, రాణికి చేర్చి, చబ్ సంస్థ చేసిన ఇనుప పంజరంలో పెట్టి చూపారు. హాబ్స్ తెరిచిన తాళం కూడా చబ్‌వారిదేనని తెలిసిన వారికి అక్కడ నవ్వు వచ్చే ఉంటుంది. మొగల్ కాలపు పద్ధతిలో, బరువు పోకుండా సానపట్టిన వజ్రం యూరప్ వారి కంటికి గాజుముక్కలా కనిపించింది. చుట్టూ చీకటి డేరా వేసి, గ్యాసు దీపాలు పెట్టి, అద్దాలు తిప్పి చూపినా జనం పెదవి విరిచారు. లోపం రాతిదని నిర్ణయించి మరుసటి ఏడాది 8,000 పౌండ్ల ఖర్చుతో దానిని మళ్లీ కోయించారు. 186 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు తగ్గింది. చూసేవారి రుచికి సరిపడలేదని వస్తువునే కోసి పారేయడం ఈ ప్రదర్శన మనస్తత్వాన్ని చెప్పినంతగా మరేదీ చెప్పదు.

ఖర్చులు పోను నిర్వాహకులకు సుమారు 1,86,000 పౌండ్లు మిగిలాయి. అమ్మిన తరువాతి సేవ అంటామే, అందులో వీరికి సాటి లేదు. సౌత్ కెన్సింగ్టన్‌లో 87 ఎకరాలు కొని, ఈనాటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం, ఇంపీరియల్ కళాశాల నిలబడేందుకు స్థలం సమకూర్చారు. సోయర్ నష్టపోయిన గోర్ హౌస్ స్థలంలో రాయల్ ఆల్బర్ట్ హాలు లేచింది. అదే నిధి నుంచి ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1895లో న్యూజిలాండు నుంచి భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ కేంబ్రిడ్జికి వచ్చాడు, తరువాత హోమీ భాభాకు కూడా దాని సాయం అందింది. ప్రదర్శన నమూనా మాత్రం లండన్ దగ్గర ఆగలేదు. 1876లో ఫిలడెల్ఫియా టెలిఫోనును, 1889లో పారిస్ ఈఫిల్ గోపురాన్ని, 1893లో షికాగో ఫెర్రిస్ చక్రాన్ని చూపి జనాన్ని రప్పించాయి. షికాగోలో ఆ ప్రదర్శనతో పాటు జరిగిన సర్వమత సభలోనే వివేకానందుడు మాట్లాడాడు. చూపడానికి ఒక మహాద్భుతం, చుట్టూ తిండి, వినోదం, చవక టికెట్టు, ప్రత్యేక రైళ్లు: ఈ కూర్పు అంతా 1851 నాటిదే.

ఈ ప్రదర్శన శేషాలను ఇప్పుడు చూడదలచినవారు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంతో మొదలుపెట్టడం మంచిది. సాధారణ ప్రవేశానికి రుసుము లేదు, 1851లో కొన్న వస్తువులు దాని మూలధనం. అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, కెన్సింగ్టన్ గార్డెన్స్‌లోని స్మారకంలో కూర్చున్న ప్రిన్స్ ఆల్బర్ట్ విగ్రహం చేతిలో ఆ ప్రదర్శన క్యాటలాగే ఉంటుంది, ఆ పక్కనే కోల్‌బ్రూక్‌డేల్ వారు ప్రదర్శన కోసం పోతపోసిన ఇనుప ద్వారాలు ఇంకా వాడుకలో ఉన్నాయి. కోహినూరు కోసం లండన్ టవర్‌కు వేరే టికెట్టు కొనాలి. గాజు మేడ కోసం సిడెన్‌హామ్ కొండ దాకా వెళ్లవలసిన పని లేదు. 1854లో అక్కడికి మార్చి పెంచి కట్టిన ఆ మేడ 1936 నవంబరు 30 రాత్రి కాలిపోయింది, మిగిలినవి మెట్లూ అరుగులే. పిల్లలు వెంట ఉంటే మాత్రం వెళ్లండి. ఆ పార్కు చెరువు గట్టున 1854 నాటి డైనోసార్ల బొమ్మలు ఉన్నాయి, శాస్త్రం ప్రకారం వాటి రూపం సగం తప్పే గాని చూడముచ్చటగా ఉంటాయి.